పెద్ద శెట్టి తిథి నాడు లెక్కల పరీక్ష

మా ఆశ్రమంలో పిల్లలకు మధ్యాహ్నం అన్నం పెట్టేది చచ్చిపోయినవాళ్ళు. ఎగతాళి కాదు, ఉన్న మాటే. రాబర్ట్‌సన్‌పేట బజారులో బట్టల షాపులవాళ్ళు, నగల షాపులవాళ్ళు, ధాన్యం వ్యాపారులు, శ్రీనివాసపురం మామిడి మండీవాళ్ళు తమ ఇంట్లో పెద్దవాళ్ళు పోయిన తిథి నాడు చూపులేని పిల్లలకు భోజనం పెట్టిస్తారు. తల్లి తిథి అయితే వడ, పాయసం. తండ్రి తిథి అయితే వాటితో పాటు ఒబ్బట్టు. కొందరు నెయ్యి కూడా పంపుతారు. బ్రెయిలీ కాగితం పంపినవాణ్ణి మాత్రం నేను ఇన్నేళ్ళలో ఒక్కణ్ణి చూడలేదు. పుణ్యం పాయసంలోనే ఉంటుంది కాబోలు, కాగితంలో ఉండదు.

నా పేరు గంగులమ్మ. ఈ ఆశ్రమంలో వంటమనిషిని. మా తాత చిత్తూరు వైపు నుంచి బంగారు గనిలో పనికి వచ్చాడు. మా నాన్న అదే గనిలో దిగాడు. గని మూతపడ్డాక ఇంక దిగడానికి ఏమీ లేదు కాబట్టి నా మొగుడు శివరాజ్ ఇక్కడికి దగ్గర్లోని నరసాపురం పోయి మోటారు సైకిళ్ళ ఫ్యాక్టరీలో కాంట్రాక్టు మనిషిగా చేరాడు. పొద్దస్తమానం బండ్లు బిగించే మనిషికి సొంతానికి ఒక పాత సైకిలు కూడా లేదు. కంపెనీ బస్సు ఎక్కి పోతాడు, కంపెనీ బస్సు దిగి వస్తాడు.

మాకు ఒక్కతే కూతురు, సవిత. పుట్టినప్పటి నుంచీ దానికి వెలుతురు, చీకటి మాత్రమే తెలుస్తాయి. దాన్ని ఈ ఆశ్రమంలో చేర్చిన రోజే నాకు వంటపని ఇచ్చారు, వెనకవైపు రేకుల గది ఇచ్చారు. ఆ మేలును కాదనను. తల దాచుకోవడానికి చోటిచ్చిన మాట నిజం. ఆ మాటను మాత్రం మా సెక్రటరీ వెంకటేశప్ప సారు నన్ను ఏనాడూ మరిచిపోనివ్వలేదు.

నా కోపం తిండి మీద కాదు. తిండి పెట్టే తీరు మీద. పన్నెండు గంటలకల్లా నేను వంట దించేస్తాను. వాసన హాలంతా పరుచుకుంటుంది. కానీ పిల్లలు తినకూడదు. దాతలు రావాలి. దాతలు ఇంట్లో శ్రాద్ధం ముగించి, బ్రాహ్మలకు పెట్టి, తాము తిని, తాంబూలం వేసుకుని, ఆ తరువాత కారెక్కుతారు. వచ్చేసరికి రెండు దాటుతుంది. అంతవరకు పిల్లలు ఆకుల ముందు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చోవాలి. కడుపు నిండినవాళ్ళు తాంబూలం నములుతూ వచ్చి ఆకలిగా ఉన్న పిల్లల చేత పాటలు పాడించుకోవడాన్ని మా ఊళ్ళో అన్నదానం అంటారు.

వచ్చాక దండ వేసిన ఫోటోను కుర్చీ మీద పెడతారు. చూపులేని పిల్లల్ని ఆ ఫోటోకు దండం పెట్టమంటారు! పాపం, పిల్లలు చేతులు జోడిస్తారు. ఒకడు కిటికీకి పెడతాడు, ఒకతె స్తంభానికి పెడుతుంది, ఇంకొకడు నా సాంబారు గుండిగకు పెడతాడు. వెంకటేశప్ప సారు ఒక్కొక్కరి తల రెండు చేతులా పట్టుకుని ఫోటో వైపు తిప్పుతాడు. వీడియో తీసేవాళ్ళకు బాగా రావాలి కదా.

కొందరు మహానుభావులు పిల్లల ముఖం ముందు వేళ్ళు ఆడించి "ఇవి ఎన్ని చెప్పు?" అంటారు. అర్పిత అని ఏడేళ్ళ పిల్ల ఉంది, నోరు ఊరుకోదు. "మీకి కనిపిస్తాయి కదా సార్, మీరే చెప్పండి" అంది ఒకసారి. ఆ రోజు దానికి పాయసం పెట్టొద్దని సెక్రటరీ హుకుం. నేను రెండు గ్లాసులు పోశాను.

ఇంకో మర్యాద కూడా ఉంది. ఆలస్యంగా వచ్చిన దాత నవ్వుతూ "లేట్ అయిపోయింది, పిల్లలకి ఆకలి అయిందేమో" అంటాడు. వెంటనే పిల్లలంతా ఒక్క గొంతుతో "మాకేం అర్జెంటు లేదు సార్" అనాలి. అది సెక్రటరీ నేర్పిన పాఠం. ఈ ఆశ్రమంలో చేరిన పిల్లకు బ్రెయిలీ చుక్కల కంటే ముందు ఈ వాక్యం వస్తుంది. సవిత కూడా చిన్నప్పుడు రాత్రి నిద్రలో ఈ మాట కలవరించేది. వినీ వినీ నాకు ఒళ్ళు మండిపోయేది.

ఇంక అసలు సంగతికి వస్తాను.

బజారులో పెద్ద బట్టల షాపు పద్మనాభ శెట్టిగారిది. ఆయన తండ్రిని ఊరంతా పెద్ద శెట్టి అనేవాళ్ళు. ఆయన ఫాల్గుణ మాసం, బహుళ సప్తమి నాడు పోయాడు. ఆశ్రమానికి వచ్చే దాతల్లో అందరికంటే గట్టి చెయ్యి ఈ ఇంటిదే. ఆ తిథికి ప్రతి ఏడూ సవితే పాడాలి. దాని గొంతు అలాంటిది. రాముడి మీద ఒక పాత కీర్తన ఉంది, పెద్ద శెట్టికి ప్రాణమట. అది సవిత నోట విన్నాకే తన తండ్రి ఆత్మ ముద్ద ముడుతుందని పద్మనాభ శెట్టి నమ్మకం.

తిథి పంచాంగం చూసుకుని వస్తుంది. పరీక్షలు గవర్నమెంటు చెప్పినప్పుడు వస్తాయి. ఈ ఏడు రెండూ ఒక్క రోజే పడ్డాయి. పెద్ద శెట్టి తిథి నాడే సవితకు పదో తరగతి లెక్కల పరీక్ష.

నిజానికి చూపులేని పిల్లలు లెక్కలు వదిలేసి ఇంకో సబ్జెక్టు తీసుకోవచ్చు. అందరూ అదే తీసుకోమన్నారు. ఇది మొండిది, వినలేదు. బెంగళూరులో ఒక కాలేజీ ఉంది. అక్కడ కంప్యూటరు తెర మీద ఉన్నదంతా పైకి చదివి వినిపిస్తుంది, చూపులేని పిల్లలు దాని మీద ఉద్యోగాలకు సరిపోయే చదువు చదువుతారు, హాస్టలు ఉచితం. లెక్కలు పాసైన పిల్లలనే తీసుకుంటారు. సీట్లు మే నెలలోనే నిండిపోతాయి. సవిత ఆ సీటు కోసం రెండేళ్ళుగా తపస్సు చేసింది. త్రిభుజాలూ వృత్తాలూ దానికి ఎలా చెప్పాలో బడిలో ఎవరికీ తోచకపోతే, నేను మురుకుల పిండి గొట్టంలో వేసి పళ్ళెం మీద గీతలు ఒత్తేదాన్ని. అది వేళ్ళతో తడిమి "ఈ కోణం పెద్దది, ఈ కోణం చిన్నది" అని చెప్పేది. చదువు అయ్యాక ఆ త్రిభుజాన్ని నూనెలో వేసి ఇద్దరం తినేవాళ్ళం.

పరీక్షలో సవిత నోటితో చెబితే రాయడానికి ఒక మనిషి కావాలి. కింది తరగతి పిల్ల అయి ఉండాలని రూలు. మా వెనక వీధిలో తొమ్మిదో తరగతి చదివే కావేరి ఒప్పుకుంది. బడివాళ్ళు అనుమతి తెచ్చారు. మొదటి పరీక్షలన్నీ ఆ పిల్లే రాసింది. ఆశ్రమం వ్యానులో ఇద్దరూ పోయి వచ్చారు.

లెక్కల పరీక్షకు మూడు రోజులు ఉందనగా వెంకటేశప్ప సారు వంటింటికి వచ్చాడు. గుమ్మంలో నిలబడి అన్నాడు: "గంగులమ్మా, సప్తమి నాడు సవిత ఆ రాముడి పాట పాడల్ల. ప్రాక్టీసు చేసుకోమని చెప్పు."

"ఆ పొద్దు లెక్కల పరీక్ష ఉండాది కదా సార్."

"తెలుసమ్మా. ఇప్పుడు పరీక్షలు మూడుసార్లు పెడతా ఉండారు. ఇప్పుడు కాకుంటే జూన్‌లో రాసుకుంటాది. ఏమంత అర్జెంటు?"

"జూన్‌కి బెంగళూరు సీటు పోతాది సార్."

"సీటు పోతే మళ్ళా ఏడు వస్తాది. శెట్టిగారు పోతే వస్తాడా? ఆయన చెయ్యి విడిస్తే ఈ పిల్లలకి ఎవరు పెడతారు, నువ్వు పెడతావా? తిన్నింటి వాసాలు లెక్క పెట్టకూడదమ్మా."

"మీరిచ్చింది రేకుల గది సార్, దానికి వాసాలు యాడుండాయి లెక్క పెట్టేదానికి?" అన్నాను. నోరు జారిన మాట కాదు, తెలిసే అన్నాను. ఆయన ముఖం గంటు పెట్టుకుని వెళ్ళిపోయాడు.

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. సరే, పూజారిని వదిలేసి నేరుగా దేవుడినే అడుగుదామని మరునాడు బజారుకు పోయాను. పద్మనాభ శెట్టి షాపులో తెల్ల పరుపు మీద కూర్చుని చీరలు మడత పెట్టిస్తున్నాడు. చెడ్డమనిషి కాదు. నన్ను చూసి "రామ్మా" అన్నాడు, నీళ్ళు ఇప్పించాడు. నేను విషయం చెప్పాను. పిల్ల పొద్దున్నే పరీక్ష రాసి సాయంత్రం పాడుతుందని, లేకపోతే మరునాడు పాడుతుందని, ఎన్ని కీర్తనలైనా పాడుతుందని బతిమాలాను.

ఆయన శాంతంగా విన్నాడు. "అమ్మా, తిథి నా చేతిలో ఉండాదా? పంచాంగం నేను రాసినానా?" అన్నాడు. "సాయంత్రానికి సప్తమి ఉండదు. పరీక్ష అంటే గవర్నమెంటుది, మళ్ళా పెడతారు. మా నాయన మళ్ళా చచ్చిపోతాడా చెప్పు?"

షాపులో గుమాస్తాలు కూడా తలలు ఊపారు. ఆయన ఒక జాకెట్టు ముక్క తీసి "మా నాయన పేరు చెప్పి కుట్టించుకో" అని ఇచ్చాడు. నేను ఆ గుడ్డ అక్కడే విసిరేసి రావలసింది. కానీ చెయ్యి దానంతటదే చాచుకుంది, తల దానంతటదే వంగింది. ఇన్నేళ్ళ అలవాటు. బజారు దాటాక నా చెయ్యి మీద నాకే అసహ్యం వేసింది.

ఆ సాయంత్రం శివరాజ్‌కు ఫోను చేశాను. బస్సు కోసం గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. అంతా విని "వాళ్ళతో పెట్టుకోవద్దు గంగులూ. రూము పోతే యాడికి పోతాం?" అన్నాడు.

"పిల్ల సీటు పోతే అదెక్కడికి పోవల్ల?" అన్నాను.

వెనక బస్సు హారన్లు వినిపించాయి. "నాకి సెలవు ఇయ్యరు," అన్నాడు చివరికి. "నీకి ఏది తోస్తే అది చెయ్యి. రూము సంగతి నేను చూస్తాను." నా మొగుడు పెద్దగా మాట్లాడే మనిషి కాదు. ఆ మాత్రం అన్నాడంటే చాలు.

సవిత మంచం మీద కూర్చుని ఎక్కాలు చెప్పుకుంటూ ఉంది. "నువ్వు పాడతావా, రాస్తావా?" అని అడిగాను.

"రాస్తానమ్మా. ఇన్ని తిథులకి పాడినాను. ఒక్క పొద్దు నా పని చేసుకోకూడదా?" అంది. గొంతులో కోపం లేదు. అదే నాకు ఇంకా మండింది. పదహారేళ్ళ పిల్ల తన సొంత పరీక్ష తాను రాసుకోవడానికి అంత నెమ్మదిగా అనుమతి అడగాలా?

సప్తమి నాడు తెల్లవారకముందే పొయ్యి వెలిగించాను. శెట్టిగారి ఇంటి నుంచి బెల్లం, పప్పు, నెయ్యి, జీడిపప్పు వచ్చి ఉన్నాయి. ఒక్కటి కూడా తక్కువ చేయలేదు. ఒబ్బట్లు కాల్చాను, వడలు వేశాను, పాయసం దించాను, చిత్రాన్నం కలిపాను. పెద్ద శెట్టి మీద నాకు పగ ఏముంది? బతికున్నప్పుడు నేను షాపుకు పోయిన ప్రతిసారీ మంచి బట్ట ఇచ్చాడు. అంతా సిద్ధం చేసి నా పక్కన పనిచేసే మారమ్మను పిలిచాను.

"మారమ్మా, నేను సవితను పరీక్షకి తీసుకుపోతా ఉండాను. పన్నెండు కొట్టంగానే పిల్లలకి వడ్డించెయ్యి. ఎవురి కోసమూ ఆపొద్దు."

మారమ్మ నోరు తెరిచింది. "శెట్టిగారు రాకముందే? సారు నన్ను నిలువునా చీరేస్తాడమ్మా."

"గంగులమ్మ చెప్పిందని చెప్పు. చీరేది ఉంటే నన్ను చీరతాడు."

ఆమె కాసేపు పాయసం గుండిగ వైపు చూసింది. "ఇన్నేండ్లలో ఒక్క పొద్దు కూడా వేడి పాయసం తాగలేదు పిల్లలు," అంది. "సరే, పో."

కావేరి రాలేదు. రోజూ ఈపాటికి వచ్చి గేటు దగ్గర నిలబడేది. వ్యాను కూడా లేదు. శెట్టిగారి చుట్టాలను బంగారుపేట స్టేషను నుంచి తీసుకురావడానికి పంపారట. గోరుచుట్టు మీద రోకటిపోటు. కావేరి తల్లికి ఫోను చేశాను.

"పరీక్షా?" అందామె ఆశ్చర్యంగా. "సవిత ఈసారి లెక్కలు రాసేది లేదు, కావేరిని పంపొద్దని మీ వెంకటేశప్ప సారు నిన్ననే ఫోను చేసినాడు కదమ్మా. పిల్ల తలకి నూనె పెట్టుకుని కూర్చుండాది."

రాయనివ్వనని నా ముఖం మీద చెప్పే ధైర్యం లేదు ఆ మనిషికి. రాసే చేతినే కోసేశాడు! ప్రతి ఏడూ స్టేజి మీద నిలబడి "ఈ పిల్లలకి మేమే కండ్లు" అని మైకులో చెప్పేది ఈయనే. ఆ కండ్లకు ఏం కనిపించిందో నాకు ఇప్పుడు తెలిసింది.

సవిత చెయ్యి నా భుజం మీద వేసుకుని వెనక వీధికి పరుగెత్తాను. కావేరి నిజంగానే తలంతా నూనె కారుతూ గడప మీద కూర్చుని ఉంది. "లేవే తల్లీ, పరీక్ష ఉండాది" అన్నాను. ఆ పిల్ల "తల స్నానం చెయ్యలేదు ఆంటీ" అంది. "లెక్కలు తలతో చేసేది సవిత. నీ చెయ్యి చాలు, రా!" అన్నాను. వాళ్ళమ్మ గబగబా యూనిఫారం వేసింది. ముగ్గురం ఆటో ఎక్కాం. గని మట్టి దిబ్బల మీద నుంచి గాలికి దుమ్ము రేగి కావేరి నూనె తలకు అంటుకుంది. బడి గేటు దగ్గర దిగేసరికి ఆ పిల్ల తల బూడిదలో దొర్లినట్టు ఉంది. గేటు మూస్తున్నారు. నేను చేయి అడ్డం పెట్టాను. లోపలి మేడమ్ హాల్‌టికెట్టు చూసి, కావేరి జుట్టు చూసి, ఏమీ అనకుండా ఇద్దరినీ లోపలికి పంపింది.

నేను బయట ఎదురుగా ఉన్న జెరాక్స్ షాపు అరుగు మీద కూర్చున్నాను. ఇలాంటి పిల్లలకు పరీక్షలో ఎక్కువ టైము ఇస్తారు. కూర్చున్నకొద్దీ కోపం పెరిగింది. ఆ ఆశ్రమంలో ఎంతమంది పిల్లల్ని ఇలాగే "మళ్ళీ రాసుకోవచ్చు, మళ్ళీ చూసుకోవచ్చు" అని ఆపేశారో ఒక్కొక్కటే గుర్తొచ్చింది. టేకల్ నుంచి వచ్చిన ఒక రైతు బిడ్డకు కర్ర పట్టుకుని నడవడం నేర్పే మాస్టరు వారానికొకసారి వచ్చేవాడు. ఆయన వచ్చే రోజే తరచూ ఎవరిదో ఒకరి తిథి పడుతోందని ఆయన్ను అసలు రావద్దన్నారు. ఆ పిల్లవాడు ఇప్పటికీ గోడ పట్టుకునే నడుస్తాడు. వాడి అమ్మ నెలకోసారి వచ్చి, కొడుకు పాయసం తాగి ఒళ్ళు చేశాడని సంతోషపడి పోతుంది. ఒళ్ళు చేసి ఏం లాభం తల్లీ, కాళ్ళు రాలేదు కదా!

పన్నెండు దాటాక ఫోను మోగడం మొదలైంది. వెంకటేశప్ప సారు. ఎత్తలేదు. మళ్ళీ మోగింది. ఎత్తాను.

"సవిత యాడ?" అరిచాడు.

"లెక్కలు చేస్తా ఉండాది సార్."

"పిల్లలకి అన్నం పెట్టేసినారంటా! ఎవురిని అడిగి పెట్టినారు?"

"వాళ్ళ ఆకలిని అడిగినాం సార్" అని ఫోను కట్టేశాను.

పరీక్ష ముగిసి అందరూ వెళ్ళిపోయాక చాలాసేపటికి ఇద్దరూ బయటికి వచ్చారు. కావేరి వేళ్ళు విదిలిస్తూ ఉంది. సవిత ముఖం ఎర్రబడి ఉంది. "ఎట్లా రాసినావు?" అన్నాను. "ఒక లెక్క వదిలేసినాను. మిగతావంతా చెప్పినాను. త్రిభుజం లెక్క వచ్చిందమ్మా, మన మురుకు పిండిదే," అంది. దాని నవ్వు చూసి నాకు ఏడుపు వచ్చింది. శెట్టి ఇచ్చిన జాకెట్టు ముక్క ఇంకా కొంగున ముడేసి ఉంది, దానితోనే కళ్ళు తుడుచుకున్నాను. దానివల్ల జరిగిన ఉపకారం అదొక్కటే.

కావేరిని ఇంటి దగ్గర దించి ఆశ్రమానికి చేరాం. హాలు గుమ్మంలో ఆగి లోపలికి చూశాను.

పిల్లలందరినీ మళ్ళీ కూర్చోబెట్టారు. కడుపు నిండా తిని చేతులు కడుక్కున్న పిల్లల ముందు మళ్ళీ కొత్త ఆకులు వేశారు. ఆ ఆకుల్లో చల్లారిన ఒబ్బట్టు, వడ, చిత్రాన్నం. కుర్చీ మీద పెద్ద శెట్టి ఫోటో, దండ, అగరుబత్తి. పద్మనాభ శెట్టి, ఆయన బంధువులు వరసగా కూర్చుని ఉన్నారు. అప్పటికి గంట నుంచీ సవిత కోసం ఎదురు చూస్తున్నారట. పిల్లలు తినేశారన్న సంగతి వాళ్ళకు ఎవరూ చెప్పలేదు. తిన్న పిల్లల చేత ఆకలి నటింపజేస్తున్నాడు వెంకటేశప్ప సారు! ఇంతకుముందు ఆకలి లేనట్టు నటించారు, ఈ రోజు ఉన్నట్టు నటించాలి. ఈ పిల్లల కడుపు ఎప్పుడైనా వాళ్ళ సొంతమా?

"వచ్చింది మా గాయని!" అని పద్మనాభ శెట్టి లేచాడు. "పాపం, ఈ పిల్లలంతా నీ కోసరం తినకుండా కూర్చుండారమ్మా. మేము కూడా కొంచెం లేట్ అయినాం."

"మాకేం అర్జెంటు లేదు సార్" అన్నారు పిల్లలు, అలవాటు చొప్పున.

దాని వెనకే అర్పిత గొంతు వినిపించింది. "మేము పన్నెండుకే తినేసినాం సార్. పాయసం వేడిగా ఉన్నింది. ఇంగ మాకి పట్టదు."

వీడియో తీస్తున్న శెట్టిగారి కొడుకు నితీశ్ ఫోను దించాడు. పద్మనాభ శెట్టి వెంకటేశప్ప సారు వైపు చూశాడు. సారు నవ్వబోయి, నవ్వు రాక, నా వైపు తిరిగి పళ్ళు కొరుకుతూ "రేపటి నుంచి నీకి వంట లేదు, రూము లేదు" అన్నాడు. తరువాత గొంతు మార్చి "సవితా, పాట మొదలుపెట్టమ్మా. అందరూ కాచుకుని ఉండారు" అన్నాడు.

సవిత నా భుజం మీద నుంచి చెయ్యి తీసింది. గోడ వెంబడి నడిచి, వరస చివర ఖాళీగా ఉన్న ఆకు ముందు కూర్చుంది.

"నాకి ఆకలైతా ఉండాది సార్," అంది. "పొద్దున్నుంచి లెక్కలు చేసినాను. అమ్మా, అన్నం పెట్టు."

ఆ హాలులో, ఒక ఫోటో ముందు, దాతల ఎదురుగా, ఒక పిల్ల ఆకలి అనడం నేను వినడం అదే మొదటిసారి. నేను వంటింట్లోకి పోయి గిన్నె తెచ్చాను. ఎవరూ నన్ను ఆపలేదు. అన్నం పెట్టాను, సాంబారు పోశాను, వడ వేశాను. సవిత వేళ్ళతో తడిమి ఏది ఎక్కడుందో చూసుకుని, అన్నం కలుపుకుని, నెమ్మదిగా మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంది. తరువాత రెండోది. దానికి కనిపించదు కాబట్టి ఎంతమంది తనవైపు చూస్తున్నారో తెలియదు అనుకుంటారు. దానికి అంతా తెలుసు.

పద్మనాభ శెట్టి చేతి గడియారం చూసుకున్నాడు. గొంతు సవరించుకుని, తప్పు ఎక్కడ జరిగిందో అర్థంకాని మనిషిలా "అమ్మా, కొంచెం బిరబిరా తిని పాడేస్తావా? షాపు తెరవల్ల, సప్తమి కూడా దాటిపోతా ఉండాది" అన్నాడు.

సవిత నోట్లో ముద్ద నమిలి మింగింది. తల ఆయన గొంతు వచ్చిన వైపు సరిగ్గా తిప్పింది. ఈసారి ఎవరూ దాని తల పట్టుకోలేదు.

"కూర్చోండి సార్," అంది. "మాకేం అర్జెంటు లేదు."

నేను దాని ఆకులో ఇంకో గరిటెడు అన్నం వేశాను.